గమ్ము కలిపిన చేతులు

అనకాపల్లిలో దాలినాయుడు అనే టైల్స్ మేస్త్రి ఉండేవాడు; పనిలో అతనికి వంక పెట్టడానికి ఉండేది కాదు గానీ, తన కంటికి కనబడని ప్రమాదాన్ని మాత్రం అతను ప్రమాదమని ఒప్పుకునేవాడు కాదు.

అతను వేసిన బాత్రూం నేల మీద చెంబుడు నీళ్లు ఒలకబోస్తే, అవి ఎక్కడా నిలవకుండా తిన్నగా జాలీ దగ్గరికి పోయేవి. టైలుకీ టైలుకీ మధ్య సందు ఎక్కడ చూసినా ఒకేలా ఉండేది. కటింగ్ మిషన్ దగ్గర దాలినాయుడు ఎంతో జాగ్రత్తగా ఉండేవాడు. ఒకసారి తోటి మేస్త్రికి వేలు తెగడం కళ్లారా చూశాడు. పరంజా ఎక్కే ముందు కట్లన్నీ ఊపి చూసుకునేవాడు. అయితే ఎవరైనా దుమ్ము గురించో, సిమెంటు గురించో మాట్లాడితే నవ్వేసేవాడు. సిమెంటులోనే పుట్టి సిమెంటులోనే పెరిగినవాణ్ణి, నాకేమైంది అనేవాడు.

అతని భార్య పేరు నూకరత్నం. ఇద్దరూ కలిసే పనికి వెళ్లేవారు. అతను టైల్స్ వేస్తుంటే, ఆమె వాటిని అంటించే జిగురు కలిపి అందించేది. ఆ జిగురు పొడి రూపంలో బస్తాల్లో వస్తుంది. అందులో సిమెంటు, సన్నటి ఇసుక, అతుక్కునేందుకు వేసే మందు కలిసి ఉంటాయి. పనివాళ్లు దాన్ని గమ్ము అంటారు. నూకరత్నం బస్తా మూతి విప్పి, పొడి బకెట్లో గుమ్మరించి, నీళ్లు పోసి, ముద్దలు లేకుండా చేత్తోనే పిసికి కలిపేది. తన భార్య కలిపిన గమ్ము వెన్నలా ఉంటుందని దాలినాయుడు నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ చేతులకు ఇంకో పేరు కూడా ఉండేది. వాళ్ల వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, నీళ్లు పోయడానికి నూకరత్నాన్నే పిలిచేవారు. పనికి వెళ్లే ముందు పొద్దున్నే ఆమె ఆ ఇంటికి వెళ్లేది. పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకునేది. ఒళ్లంతా నూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసేది. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా ఆమె చేయి వీపు మీద పడగానే ఊరుకునేవారు. కొత్తగా తల్లయిన ఆడపిల్లలు పక్కనే కూర్చుని ఆమె చేతులనే చూస్తుండేవారు. ఎవరైనా చీర పెట్టబోతే, బిడ్డ పెద్దదయ్యాక నన్ను గుర్తుపడితే చాలమ్మా అని నవ్వి వచ్చేసేది.

ఒక వేసవిలో నూకరత్నానికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. సాయంత్రానికి ఎర్రబడేది, పొద్దుటికి కాస్త తగ్గేది. గమ్ము వల్లేనేమో అని ఆమె భర్తతో అంది. వేడి చేసిందంతే, మజ్జిగ తాగు అన్నాడు దాలినాయుడు. ఆమె కొబ్బరినూనె రాసుకుని ఊరుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే ఊరి చివర ఒక కాలేజీ హాస్టల్ కడుతున్నారు. గది గదికీ బాత్రూం ఉన్న పెద్ద కట్టడం. టైల్స్ పని ఇద్దరు మేస్త్రులకు పంచి ఇచ్చారు. ఒక వైపు దాలినాయుడికి వచ్చింది. రెండో వైపు వేరే మేస్త్రి తన మనుషులతో దిగాడు. ఎవరి పని బాగా, త్వరగా అయితే పక్కన కట్టబోయే హాస్టల్ కూడా వాళ్లకే ఇస్తామని యజమానులు చెప్పారు. దాలినాయుడు ఆ మాటను మనసులో గట్టిగా పెట్టుకున్నాడు.

అక్కడ వినీల అనే ఇంజనీరు ఉండేది. వయసులో చిన్నదే అయినా పనివాళ్లను పేరుపేరునా పలకరించేది. పని మొదలుపెట్టే ముందు ఆమె దాలినాయుణ్ణి పిలిచి, అతనికి ఇచ్చిన గదులన్నీ ఒకసారి తిరిగి చూసి రమ్మంది. ఈ పనిలో ఎవరికి, ఎక్కడ, ఏ హాని జరగొచ్చో ఆలోచించి వచ్చి తనకు చెప్పమంది. పని మొదలయ్యాక జాగ్రత్తపడటం కంటే ముందే చూసుకోవడం మేలని నచ్చజెప్పింది.

దాలినాయుడు గదులన్నీ తిరిగాడు. నూకరత్నం కూడా తట్ట పట్టుకుని వెనకే తిరిగింది. తిరిగి వచ్చాక అతను ఇంజనీరుకు చాలా సంగతులే చెప్పాడు. కటింగ్ మిషన్ వైరుకు ఒకచోట తొడుగు పోయిందన్నాడు. మెట్లకు ఇంకా పిట్టగోడ కట్టలేదు, టైల్స్ పెట్టెలు మోసేటప్పుడు కాలు జారొచ్చన్నాడు. పరంజాలో ఒక కర్ర మార్చాలన్నాడు. వినీల అన్నీ శ్రద్ధగా విని, వాటిని అప్పటికప్పుడే సరిచేయించడానికి మనిషిని పురమాయించింది. తర్వాత ఇలా అడిగింది.

"గమ్ము ఎవరు కలుపుతారు మేస్త్రీ?"

"మా ఆవిడేనండి."

"ఎక్కడ కలుపుతుంది? దుమ్ము ఎటు పోతుంది? చేతులకేం వేసుకుంటుంది?"

"అదేమంత పనండీ, తేలికపాటి పని. దాంట్లో భయపడాల్సింది ఏమీ లేదండి" అన్నాడు దాలినాయుడు.

వినీల నూకరత్నం వైపు తిరిగి ఏదో అడగబోయింది. ఆవిడకు అలవాటేనండి అంటూ దాలినాయుడే మళ్లీ అందుకున్నాడు. నూకరత్నం తట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని నిలబడింది.

అయినా వినీల వదల్లేదు. తడిసిన సిమెంటు చర్మాన్ని మెల్లగా తినేస్తుందని చెప్పింది. కొందరి ఒంటికి అది ఒకసారి పడకుండా పోతే, ఇక ఎప్పటికీ పడదని చెప్పింది. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదంది. కింద గాలి ఆడే షెడ్డులో కలపాలని, చేతులు పెట్టకుండా కలిపే మిషన్ వాడాలని, పొడి ఎగరకుండా నెమ్మదిగా నీళ్లలోకి వంచాలని చెప్పింది. రబ్బరు గ్లౌజులు, మూతికి కట్టుకునే మాస్కులు తెప్పించి ఇచ్చింది. చేతులు కడుక్కోవడానికి షెడ్డు పక్కన కుళాయి పెట్టించింది. దాలినాయుడు అన్నిటికీ తల ఊపాడు.

మొదట్లో చెప్పినట్టే చేశారు. నూకరత్నం కింద షెడ్డులో మిషన్‌తో గమ్ము కలిపి, బకెట్లు పైకి మోసుకొచ్చేది. కానీ పై అంతస్తుకు పని చేరేసరికి ఆ మెట్లు ఎక్కి దిగడంతోనే పొద్దు పోయేది. ఎండకు గమ్ము దారిలోనే బిగుసుకోవడం మొదలుపెట్టేది. సగం వాడి సగం పారబోయాల్సి వచ్చేది. అటు వైపు మేస్త్రి గదులు ఒక్కొక్కటే పూర్తవుతున్నాయి. దాలినాయుడు పని మధ్యలో లేచి వెళ్లి, అవతలి గదులు తొంగి చూసి వచ్చేవాడు. చూసి వచ్చినప్పుడల్లా అతని ముఖం మాడిపోయేది.

ఒకరోజు అతను బస్తాలు పైకి తెప్పించాడు. ఇక్కడే కలిపేయి, నాకు చేతికి అందుతుంది అన్నాడు. బాత్రూంకు ఉన్న చిన్న కిటికీని అప్పటికే అట్టతో మూసేశారు. గాలి వస్తే గోడ త్వరగా ఆరిపోతుందని దాలినాయుడే మూయించాడు. మిషన్ పెట్టడానికి అక్కడ చోటు లేదు. గ్లౌజులతో కలిపితే ముద్దలు చేతికి తెలియడం లేదని, టైలు కింద ముద్ద ఉంటే పని చెడుతుందని అతను విసుక్కున్నాడు.

"ఇక్కడ ఊపిరాడటం లేదు మావా" అంది నూకరత్నం.

"ఈ అంతస్తు అయిపోనీ. తర్వాత కిందే కలుపుదువుగాని" అన్నాడు దాలినాయుడు.

ఆమె గ్లౌజులు తీసి గూట్లో పెట్టింది. పమిట చెంగు మూతికి కట్టుకుంది. బస్తా వంచినప్పుడల్లా గదంతా తెల్లటి పొగ కమ్మినట్టు ఉండేది. అది ఆమె కనుబొమల మీద, జుట్టు మీద పేరుకునేది. దాలినాయుడు గోడకు ముఖం పెట్టి పని చేసుకునేవాడు కాబట్టి, వెనక ఏం జరుగుతుందో అతనికి కనబడేది కాదు. దగ్గు వినబడేది. దుమ్ములో పని చేసేవాళ్లు దగ్గడం మామూలే అనుకునేవాడు.

వినీల పైకి వస్తున్నట్టు మెట్ల మీద అడుగులు వినబడితే, దాలినాయుడు భార్యకు సైగ చేసేవాడు. ఆమె గబగబా బస్తా మీద అట్ట కప్పి, ముఖం తుడుచుకుని, గ్లౌజులు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని, ఖాళీ బకెట్ పట్టుకుని కిందికి వెళ్లబోతున్నట్టు వరండాలో నిలబడేది. మేడం అడిగితే అంతా బాగానే ఉందని చెప్పమని అతను ముందే చెప్పి ఉంచాడు.

ఒక మధ్యాహ్నం వినీల సరాసరి ఆమె దగ్గరికే వచ్చింది. ఎలా ఉన్నారమ్మా అని పలకరించి, గమ్ము కిందే కలుపుతున్నారా, చేతులకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగింది. అప్పటికే గ్లౌజుల లోపల నూకరత్నం వేళ్ల సందులు పగిలి రసి కారుతున్నాయి. ఆమె ఒక్క క్షణం భర్త వీపు వైపు చూసింది. అతను పని ఆపలేదు, తల తిప్పలేదు.

"ఏమీ లేదమ్మా. బాగానే ఉంది" అంది నూకరత్నం.

వినీల ఆ మాట నమ్మి వెళ్లిపోయింది.

పై అంతస్తుతో పని అంతా పూర్తయింది. దాలినాయుడి పనే ముందు అయింది, నునుపుగా కూడా ఉంది. యజమానులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. పక్క హాస్టల్ పని కూడా నీదేనని చెప్పారు. ఆ సంతోషంలో అతను ఇంటికి వచ్చి భార్యకు ఆ సంగతి చెబుతూ భోజనానికి కూర్చున్నాడు. నూకరత్నం అన్నం వడ్డించబోయింది. గరిటె ఆమె చేతిలోంచి జారిపోయింది. అప్పుడు అతను ఆమె చేతులను సరిగ్గా చూశాడు. వేళ్లు వాచి, అరచేతుల నిండా పగుళ్లు పడి, మణికట్టు దాకా ఎర్రగా నీటిపొక్కులు లేచి ఉన్నాయి. ఇవి ఎప్పటి నుంచి అని అడిగాడు. ఆమె జారిన గరిటె తీసి పక్కన పెట్టింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లారు. చర్మ వ్యాధుల డాక్టరు ఆమె రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. ఏం పని చేస్తావని అడిగి, ఆమె చెప్పింది అంతా విన్నాడు. కొన్ని పరీక్షలు చేయించాడు. మళ్లీ వెళ్లినప్పుడు, ఆ గమ్ములో ఉండే సిమెంటు ఆమె ఒంటికి పడకుండా పోయిందని చెప్పాడు.

"మందు రాస్తే తగ్గిపోతుంది కదండీ?" అన్నాడు దాలినాయుడు.

"పుండ్లు తగ్గుతాయి. పడకపోవడం తగ్గదు. ఇకమీద సిమెంటు ఏ కొంచెం తగిలినా మళ్లీ లేస్తుంది. ఈవిడ ఆ పనికి వెళ్లకూడదు" అన్నాడు డాక్టరు. దురద మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఇంతవరకూ రాకపోయేదేమో అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నూకరత్నం వైపు చూశాడు. తప్పంతా తనదే అన్నట్టు ఆమె తల వంచుకుంది.

దాలినాయుడు వినీల దగ్గరికి వెళ్లి జరిగినదంతా ఒప్పుకున్నాడు. కిటికీ మూయించిన సంగతి, సైగ చేసిన సంగతి కూడా దాచలేదు. వినీల కోప్పడుతుందని అనుకున్నాడు. గ్లౌజులు తీసి చేతులు చూపించమని నేనైనా అడగాల్సింది అని మాత్రం ఆమె అంది. ఆ తర్వాత పక్క హాస్టల్ పని తనకు వద్దని దాలినాయుడు యజమానులకు చెప్పి వచ్చేశాడు. అలా చేస్తే మనసు కాస్త తేలికవుతుందనుకున్నాడు. కాలేదు.

మందులతో నూకరత్నం చేతులు కొంత మెరుగుపడ్డాయి. ఆమె పనికి వెళ్లడం మానేసి ఇంట్లోనే ఉండేది. దాలినాయుడు చిన్న చిన్న పనులు ఒప్పుకుని ఒక్కడే వెళ్లేవాడు. అయితే ఒకరోజు ఆమె చేతులు మళ్లీ ఎప్పటిలాగే పొంగాయి. సిమెంటు జోలికే వెళ్లలేదు కదా, ఎందుకిలా అయిందో ఇద్దరికీ అర్థం కాలేదు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంట్లో పని బట్టలు ఎవరు ఉతుకుతారని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నతో దాలినాయుడికి సంగతి అర్థమైంది. అతని లుంగీకి, చొక్కాకు పట్టిన సిమెంటే ఆమె చేతులకు అంటుకుంది. ఆ రోజు నుంచి అతను తన బట్టలు తనే పెరట్లో విడిగా ఉతుక్కునేవాడు. పని నుంచి వచ్చి, తల మీద నుంచి నీళ్లు పోసుకునేదాకా ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. భార్య మంచినీళ్లు ఇవ్వడానికి ఎదురొస్తే, ఆగు, దగ్గరికి రాకు అని దూరంగా నిలబడేవాడు.

అంతలో వాళ్ల కూతురు హైమ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. హైమ పుట్టింటికి వచ్చిందే తల్లి చేతుల మీద బిడ్డ పెరగాలని. ఊళ్లో అందరి పిల్లలకీ నీళ్లు పోసిన అమ్మ, నా బిడ్డకు ఇంకెంత బాగా పోస్తుందో అని అత్తవారింట్లో ఎన్నోసార్లు చెప్పుకుంది. తల్లి చేతులు బాగాలేవని తెలుసు గానీ, అప్పటికి తగ్గిపోతాయనే అనుకుంది.

నూకరత్నం కూడా అలాగే అనుకుంది. పొద్దున్నే పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, మనవరాలిని ఒళ్లోకి తీసుకుంది. నూనె రాసింది. శనగపిండి చేతిలోకి తీసుకునేసరికి పగుళ్లలో మంట లేచింది. పళ్లు బిగించి పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. గరుకైన ఆ అరచేయి తగలగానే పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. చేతి పగుళ్లలోంచి వచ్చిన చిన్న నెత్తుటి చార పిల్ల భుజం మీద అంటింది. నూకరత్నం దాన్ని నీళ్లతో కడిగేసి, బిడ్డను మెల్లగా కూతురి చేతుల్లో పెట్టి లేచిపోయింది.

మర్నాటి నుంచి పక్కింటి ఆవిడ వచ్చి నీళ్లు పోసేది. నూకరత్నం కాస్త దూరంగా కూర్చుని, మెడ కింద చెయ్యి పెట్టమనీ, చెవుల్లోకి నీళ్లు పోకుండా చూడమనీ నోటితో చెబుతుండేది. చెబుతూ చెబుతూ ఆమె చేతులు ఒళ్లోనే, బిడ్డను పట్టుకున్నట్టుగా కదిలేవి. దాలినాయుడు గుమ్మంలో నిలబడి అది చూసేవాడు.

ఒకరోజు హైమ, బిడ్డ నిద్రపోతుండగా అతను భార్య పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఇంత అవుతుందని నాకు తెలియలేదే రత్నం" అన్నాడు.

నూకరత్నం కోపంగా మాట్లాడలేదు. ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"తెలుసుకోమనే కదా మావా ఆ అమ్మాయి నిన్ను గదులన్నీ తిరిగి రమ్మంది. నువ్వు తిరిగావు. వైరు చూశావు, మెట్లు చూశావు, పరంజా చూశావు. నేను నీ వెనకే ఉన్నాను. ఒక్కసారి వెనక్కి తిరిగి, రత్నం, నీకెలా ఉంది అని అడిగితే చెప్పేదాన్ని."

దాలినాయుడు నేల చూపులు చూశాడు.

"మరి ఆ అమ్మాయి నిన్నే అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"చెబితే నీ మాట పోతుందనుకున్నాను" అంది నూకరత్నం.

దాలినాయుడికి ఆమె చేతిని తన చేతిలోకి తీసుకోవాలనిపించింది. స్నానం చేశానా లేదా అని గుర్తు చేసుకుని, చేసినట్టు నిర్ధారించుకున్నాకే ఆ చేతిని పట్టుకున్నాడు.

దాలినాయుడు టైల్స్ పని మానలేదు. అతనికి వేరే పని రాదు. కానీ పని చేసే తీరు మార్చుకున్నాడు. గమ్ము బయట గాలిలో మిషన్‌తో, తనే గ్లౌజులు తొడుక్కుని కలుపుకునేవాడు. ఎక్కడ పనికి వెళ్లినా ముందుగా అక్కడ బస్తాలు విప్పేవాళ్లు, బకెట్లు మోసేవాళ్లు, పని అయ్యాక గచ్చు కడిగేవాళ్లు ఎవరో చూసేవాడు. వాళ్ల మేస్త్రిని కాకుండా వాళ్లనే పక్కకు పిలిచి, ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడు. చాలామంది బాగానే ఉందనేవారు. అతను అంతటితో వెళ్లిపోయేవాడు కాదు. వాళ్ల పక్కనే చతికిలబడి కూర్చుని, ఏదీ చేతులు చూపించమ్మా అని అడిగి, చూశాకే లేచేవాడు. అలా కొందరు సమయానికి డాక్టరు దగ్గరికి వెళ్లారు. వాళ్లు వచ్చి మేలు చేశావు మేస్త్రీ అంటే, అతను తల ఊపి మళ్లీ పనిలో పడేవాడు. నూకరత్నానికి మాత్రం ఆ తర్వాత ఏ ఇంటి నుంచీ నీళ్లు పోయడానికి పిలుపు రాలేదు.

పని మొదలుపెట్టే ముందే అందులోని ప్రమాదాన్ని వెతకాలి. మనకు కనబడలేదు కాబట్టి అది లేదనుకోకుండా, ఆ పని చేసే మనిషిని అడిగి, నిజం చెప్పడానికి ఆ మనిషి భయపడకుండా చూసుకోవాలి. ఆలస్యంగా పడే పశ్చాత్తాపం మనిషిని మార్చగలదు గానీ, పోయిన ఆరోగ్యాన్ని తిరిగి తేలేదు.